ఫ్రాన్స్, జర్మనీ హైస్కూలు చదువుపై పెట్టే ఖర్చు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఐరోపాలో ఏ దేశం చదువుకు ఎక్కువ ఖర్చు పెడుతుందన్న చర్చ వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు ఒకే ఒక్క అంకె తెచ్చి ముందు పెడతారు. ఫ్రాన్స్, జర్మనీ పక్కపక్క దేశాలు. రెండింటికీ యూరోనే కరెన్సీ, ధరల్లోనూ పెద్ద తేడా లేదు. అందువల్ల వీటిని పోల్చడం తేలికనిపిస్తుంది. ఆ అంకె లోపల ఏమేం కలిసి ఉన్నాయో చూశాకే పోలిక మొదలుపెట్టాలి. విద్యార్థులు, విలేఖరులు, అక్కడ స్థిరపడిన తెలుగువాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్నలకు జవాబులు ఇవి.

సెకండరీ అంటే అక్కడ ఏ తరగతులు?

ఫ్రాన్స్‌లో ప్రాథమిక బడి ఐదేళ్లు. పదకొండో ఏట పిల్లలు ‘కొలెజ్’లో చేరి నాలుగేళ్లు చదువుతారు. ఆ తర్వాత మూడేళ్లు ‘లిసే’, చివర్లో బకలోరియా పరీక్ష. లిసే మన పదో తరగతి దగ్గర మొదలై ఇంటర్ రెండో ఏడాదితో ముగుస్తుందనుకోవచ్చు.

జర్మనీలో ప్రాథమిక బడి నాలుగేళ్లే. బెర్లిన్, బ్రాండెన్‌బుర్గ్ రాష్ట్రాల్లో మాత్రం ఆరేళ్లు. అంటే ఎక్కువ రాష్ట్రాల్లో పదేళ్లకే పిల్లల దారులు వేరవుతాయి. యూనివర్సిటీ వైపు వెళ్లేవాళ్లు గిమ్నాజియుంకి, మిగతావాళ్లు రియాల్‌షూలే, హౌప్ట్‌షూలే, గెజాంట్‌షూలే లాంటి బళ్లకు వెళతారు. పేర్లూ ఏర్పాట్లూ రాష్ట్రాన్ని బట్టి మారతాయి.

ఇక్కడే మొదటి చిక్కు వస్తుంది. అంతర్జాతీయ వర్గీకరణలో ‘దిగువ సెకండరీ’ జర్మనీలో 5 నుంచి 10వ తరగతి దాకా ఆరేళ్లు, ఫ్రాన్స్‌లో నాలుగేళ్లు. పదేళ్ల పిల్లవాడి ఖర్చు ఒక దేశంలో సెకండరీ పద్దులో, ఇంకో దేశంలో ప్రాథమిక పద్దులో పడుతుంది. మొత్తం సెకండరీ బడ్జెట్టును యూరోల్లో పక్కపక్కన పెట్టి చూస్తే ఏమీ తేలకపోవడానికి ఇదో కారణం. దీన్ని తప్పించుకోవాలంటే ఆరో ఏట నుంచి పదిహేనో ఏటి వరకు ఒక్కో విద్యార్థిపై పెట్టిన మొత్తాన్ని చూడాలి. ఎక్కువగా ధనిక దేశాలున్న ఆర్థిక కూటమి ఓఈసీడీ ఆ లెక్క కూడా ఇస్తుంది.

ఫ్రాన్స్ విషయంలో ఇంకో జాగ్రత్త కూడా అవసరం. లిసే భవనాల్లోనే బకలోరియా తర్వాత పై కళాశాలల ప్రవేశ పరీక్షలకు సిద్ధం చేసే ‘ప్రెపా’ తరగతులు, రెండేళ్ల వృత్తి విద్య ‘బీటీఎస్’ కోర్సులు కూడా నడుస్తాయి. అదే ప్రాంగణం, చాలాసార్లు అదే టీచర్లు. లెక్కల్లో మాత్రం అవి ఉన్నత విద్య కిందికి వెళతాయి.

సరే, ఇంతకీ ఎక్కువ ఖర్చు పెట్టేది ఎవరు?

జీడీపీలో వాటా చూస్తే ఫ్రాన్స్. ఐరోపా యూనియన్ గణాంక సంస్థ యూరోస్టాట్ లెక్కల ప్రకారం 2021లో అన్ని స్థాయిల చదువూ కలిపి ప్రభుత్వ ఖర్చు ఫ్రాన్స్‌లో జీడీపీలో 5.2 శాతం, జర్మనీలో 4.5 శాతం. ఐరోపా యూనియన్ సగటు 4.8. అందులో సెకండరీ వాటా యూనియన్ మొత్తానికి జీడీపీలో 1.8 శాతం దగ్గర ఉంది.

ఒక్కో విద్యార్థిపై పెట్టే ఖర్చు చూస్తే దిగువ సెకండరీలో జర్మనీది పైచేయి. ఎగువ సెకండరీలో, అంటే లిసే స్థాయిలో, రెండు దేశాలూ ఓఈసీడీ సగటు కన్నా బాగా పైన ఉంటాయి. ఫ్రాన్స్ ప్రాథమిక బడిపై తక్కువ, లిసేపై ఎక్కువ పెట్టే దేశంగా ఏళ్ల తరబడి పేరుబడింది. ఫ్రెంచ్ విద్యాశాఖ గణాంక విభాగం లెక్కల్లో కొలెజ్ విద్యార్థికి ఏడాదికయ్యే ఖర్చు 10,000 యూరోల చుట్టుపక్కల ఉంటుంది. సాధారణ లిసేలో అంతకు మించి, వృత్తి విద్య లిసేలో ఇంకా మించి. జర్మనీ గణాంక కార్యాలయం 2022కి ఇచ్చిన సగటు సుమారు 9,500 యూరోలు. అయితే అందులో ప్రాథమిక బళ్లూ, వారానికి ఒకటి రెండు రోజులే నడిచే వృత్తి బళ్లూ కలిసి ఉన్నాయి. ఈ రెండు అంకెల్నీ పక్కపక్కన పెట్టి ‘ఫ్రాన్సే ఎక్కువ’ అని తేల్చేస్తే లెక్క తప్పుతుంది.

జీడీపీ శాతంలో ఫ్రాన్స్ ముందు, తలకు లెక్కేస్తే జర్మనీ ముందు. రెండూ ఒకేసారి ఎలా నిజమవుతాయి?

పిల్లల సంఖ్య వల్ల. పదిహేనేళ్ల లోపు పిల్లలు ఫ్రాన్స్ జనాభాలో 17-18 శాతం ఉంటే, జర్మనీలో 14 శాతం దగ్గరే ఉన్నారు. ఎక్కువమంది పిల్లల్ని చదివించే దేశానికి జీడీపీలో ఎక్కువ వాటా పోతుంది. దాన్ని బట్టి ఒక్కో పిల్లవాడికి ఎక్కువ దక్కుతోందనుకోకూడదు.

శాతాల్లో ఇంకో మాయ కూడా ఉంది. 2020లో కోవిడ్ వల్ల జీడీపీ పడిపోయింది, టీచర్ల జీతాలు మాత్రం యథావిధిగా నడిచాయి. ఆ ఏడాది దాదాపు అన్ని దేశాల్లో ‘విద్యకు కేటాయింపు పెరిగింది’ అని కనిపిస్తుంది. పెరిగింది శాతమే. ఐర్లాండ్‌ది దీనికి తిరగబడిన కథ. బహుళజాతి కంపెనీల లాభాలతో జీడీపీ ఉబ్బి ఉండటంతో, చదువుకు బాగానే పెట్టే ఆ దేశం పట్టికలో అట్టడుగున కనిపిస్తుంది. ఒక దేశాన్ని పొగడటానికైనా తిట్టడానికైనా జీడీపీ శాతం ఒక్కటే చాలదు.

ఒక్కో విద్యార్థిపై ఖర్చు ఎక్కువా తక్కువా అన్నది దేన్ని బట్టి ఉంటుంది?

ఖర్చులో సింహభాగం జీతాలదే కాబట్టి నాలుగు విషయాలు చూస్తే చాలావరకు తేలిపోతుంది: టీచరు జీతం, విద్యార్థి వారానికి వినే పాఠాల గంటలు, టీచరు వారానికి చెప్పే పాఠాల గంటలు, తరగతిలో పిల్లల సంఖ్య. ఓఈసీడీ కూడా జీతాల ఖర్చును ఈ నాలుగు ముక్కలుగానే విడదీసి చూపుతుంది.

ఊహించిన అంకెలతో ఒక లెక్క చూద్దాం. టీచరుకు ఏడాదికయ్యే ఖర్చు 60,000 యూరోలు. పిల్లలు వారానికి 28 గంటలు పాఠాలు వింటారు, టీచరు 20 గంటలు చెబుతారు, తరగతిలో 25 మంది. ఒక తరగతికి 28ని 20తో భాగిస్తే 1.4 మంది టీచర్లు కావాలి, అంటే 84,000 యూరోలు. 25 మందికి పంచితే తలకు 3,360. ఇప్పుడు తరగతిలో ఒకే ఒక్కరిని తగ్గించి 24 చేస్తే 3,500 అవుతుంది. జీతం ఒక్క యూరో పెరగలేదు, అయినా ఖర్చు నాలుగు శాతం పెరిగింది.

ఇప్పుడు అసలు దేశాలకు వద్దాం. ఫ్రాన్స్‌లో సాధారణ అర్హత ఉన్న సెకండరీ టీచరు వారానికి 18 గంటలు, కఠినమైన ‘అగ్రెగాసియోఁ’ పోటీ పరీక్ష నెగ్గిన టీచరు 15 గంటలు చెప్పాలి. ఈ పద్ధతి 1950 నాటి ఉత్తర్వుల నుంచి వస్తోంది. జర్మనీలో నార్త్ రైన్-వెస్ట్‌ఫాలియా రాష్ట్రంలోని గిమ్నాజియుం టీచరుకు వారానికి 25.5 పీరియడ్లు, రియాల్‌షూలే టీచరుకు 28. అక్కడ పీరియడు 45 నిమిషాలే కాబట్టి గంటల్లోకి మారిస్తే తేడా కొంత తగ్గుతుంది. 25.5 పీరియడ్లంటే 19 గంటల పైచిలుకు. ఈ మార్పిడి చేయకుండా ‘జర్మన్ టీచరు ఒకటిన్నర రెట్లు పనిచేస్తాడు’ అని రాసే వ్యాసాలు తరచుగా కనిపిస్తాయి. నమ్మకండి.

ఫ్రాన్స్‌లో పిల్లలు వినే గంటలు ఎక్కువ, బడి సాయంత్రం దాకా సాగుతుంది. లిసేలో ఐచ్ఛిక సబ్జెక్టులు కొల్లలు. నలుగురు చేరినా నలభై మంది చేరినా టీచరు ఒకరు కావాల్సిందే. తరగతులు మాత్రం పెద్దవి. కొలెజ్‌లో 25-26 మంది, సాధారణ లిసేలో 30కి పైనే, కొన్నిచోట్ల 35. జర్మనీ దిగువ సెకండరీలో 24 దగ్గర.

ఈ నాలుగూ కలిపి చూస్తే బొమ్మ స్పష్టమవుతుంది. జర్మనీ తన డబ్బును ఎక్కువగా టీచరు జీతంలో పెడుతోంది. ఫ్రాన్స్ దాన్ని పిల్లల గంటల్లో, సబ్జెక్టుల వైవిధ్యంలో పెట్టి జీతాన్ని తక్కువగా ఉంచుతోంది.

జర్మన్ టీచరు జీతం ఫ్రెంచ్ టీచరు జీతానికి రెట్టింపంటారు. నిజమా?

దాదాపు నిజమే. కొనుగోలు శక్తిని సరిచేసి పోల్చినా, పదిహేనేళ్ల అనుభవమున్న సెకండరీ టీచరుకు జర్మనీ ఇచ్చే స్థూల జీతం ఫ్రాన్స్ ఇచ్చేదానికి రెట్టింపు దగ్గర ఉంటుంది. ఫ్రాన్స్‌లో జీతం చాలా నెమ్మదిగా పెరుగుతుంది. పదిహేనో ఏటికీ మొదటి ఏటికీ పెద్ద దూరం ఉండదు. జర్మనీలో గిమ్నాజియుం టీచరు మొదటి రోజు నుంచే ప్రభుత్వ ఉద్యోగుల ‘ఏ 13’ జీతపు గ్రేడులో ఉంటారు. ఇంజినీరో జడ్జో సంపాదించే స్థాయికి మరీ దూరం కాదు. చిన్న తరగతులకు చెప్పేవాళ్లు ‘ఏ 12’లో ఉండేవారు. ఇప్పుడు ఒక్కో రాష్ట్రమూ వాళ్లను కూడా 13కి మారుస్తోంది. టీచర్ల కొరత పెరగడంతో పక్క రాష్ట్రం లాగేసుకుంటుందన్న భయమే దీనికి ముఖ్య కారణం.

ఫ్రాన్స్‌లో 2023లో ‘ఒప్పందం’ పేరిట అదనపు పనికి అదనపు డబ్బు పథకం తెచ్చారు. రాని టీచరు క్లాసు తీసుకోవడం, హోంవర్కు సాయం లాంటి పనులకు ఏడాదికి ఇంతని ఇస్తారు. సంఘాలు దీన్ని తీవ్రంగా వ్యతిరేకించాయి. మూల వేతనం పెంచమంటే ఓవర్‌టైం ఇస్తామంటారేమిటన్నది వాళ్ల వాదన. అందులో న్యాయముంది.

జీతం సగమైతే ఫ్రాన్స్ ఖర్చు కూడా సగం కావాలి కదా? ఎందుకు కాలేదు?

ఈ ప్రశ్న అడిగేవాళ్లు తక్కువ, కానీ కీలకం ఇక్కడే ఉంది. గంటలు, ఐచ్ఛికాలు కొంత కారణమని పైన చూశాం. పాఠం చెప్పని సిబ్బంది మరికొంత: ఖాళీ పీరియడ్లలో, మధ్యాహ్నం భోజనం వేళ పిల్లల్ని కనిపెట్టుకుని ఉండే పర్యవేక్షకులు, క్రమశిక్షణ చూసే విద్యా సలహాదారులు. ఫ్రెంచ్ బళ్లలో ఇదంతా ఒక విభాగం. జర్మన్ బడిలో ఈ పనుల్లో చాలావరకు టీచర్లే చూసుకుంటారు, లేదా పిల్లలు ఇంటికి వెళ్లిపోతారు.

అన్నిటికన్నా పెద్దది పెన్షన్. ఫ్రాన్స్‌లో కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి మూల వేతనం 100 యూరోలైతే, ప్రభుత్వం యజమానిగా పెన్షన్ ఖాతాకు మరో 74.28 యూరోలు జమ చేసేది. 2014 నుంచి 2024 దాకా ఇదే రేటు. 2025లో 78.28 అయింది. ప్రైవేటు కంపెనీ కట్టే పెన్షన్ వాటా ఇందులో నాలుగోవంతు కూడా ఉండదు. ఇంత రేటు ఎందుకంటే, ఇప్పటికే రిటైరైనవాళ్లకు ఈ ఏడాది ఇవ్వాల్సిన పెన్షన్లకు సరిపోయేలా దాన్ని నిర్ణయిస్తారు. రిటైరైనవాళ్లు ఎక్కువై, పనిచేసేవాళ్లు ఆ నిష్పత్తిలో పెరగకపోతే రేటు పైకి పోతుంది. ఆ మొత్తమంతా విద్యాశాఖ బడ్జెట్టులో ‘టీచర్ల ఖర్చు’గా చేరి, అక్కడి నుంచి ‘ఒక్కో విద్యార్థిపై ఖర్చు’లోకి వస్తుంది. 2024లో ఎనిమిదో తరగతి పిల్లవాడిపై పెట్టినట్టు కనిపించే డబ్బులో కొంత, 1980ల్లో పాఠాలు చెప్పి ఎప్పుడో రిటైరైన టీచరుకు వెళుతోంది.

ప్రభుత్వంతో ఒప్పందం ఉన్న ప్రైవేటు బడి టీచర్లు మాత్రం ప్రైవేటు ఉద్యోగుల సాధారణ పెన్షన్ పథకంలో ఉంటారు. వాళ్లకు ఈ 74 శాతం లేదు. ‘ప్రైవేటు బడి ప్రభుత్వానికి ఎంత చౌకో చూడండి’ అనే వాదన విన్నప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

జర్మనీ కథ వేరు. శాశ్వత ప్రభుత్వోద్యోగ హోదా ఉన్న టీచరు పెన్షన్ చందా కట్టరు. ఆయన రిటైరయ్యాక రాష్ట్రమే తన బడ్జెట్టులోంచి పెన్షన్ ఇస్తుంది. చందా అనేదే లేకపోతే నేటి ఖర్చు తక్కువగా కనిపిస్తుంది కాబట్టి, గణాంకశాఖ ఒక ఊహాత్మక చందాను లెక్కగట్టి కలుపుతుంది. అది నిజంగా చేతులు మారిన డబ్బు కాదు. పైగా టీచర్లందరికీ ఆ హోదా లేదు. బెర్లిన్ 2004లో ఆపేసి 2022లో మళ్లీ మొదలుపెట్టింది. సాక్సనీలో చాలాకాలం ఎక్కువమంది మామూలు ఉద్యోగులే. 2019లో గానీ అక్కడ కొత్తవాళ్లకు ఆ హోదా ఇవ్వడం మొదలవలేదు. ఒకే దేశంలో బవేరియాను సాక్సనీతో పోల్చాలన్నా ఇంత తవ్వాలి.

రెండు దేశాల అంకెల్లోనూ పెన్షన్ ఉంది. ఒకటి నిజంగా చెల్లించిన డబ్బు, రెండోది ఊహించి కలిపిన డబ్బు. పెన్షన్ సంగతి ఎత్తకుండా ఈ రెండు దేశాల్ని పోల్చిన కథనం చదివితే, దాని ముగింపును సందేహంతోనే చూడండి.

ఈ డబ్బు ఎవరి ఖజానాలోంచి వస్తుంది?

ఫ్రాన్స్‌లో టీచర్ల జీతం పారిస్ నుంచి వస్తుంది. 1980ల వికేంద్రీకరణ చట్టాల తర్వాత కొలెజ్ భవనాలు జిల్లాల్లాంటి ‘దెపార్తమాఁ’లకు, లిసే భవనాలు వాటికన్నా పెద్ద పాలనా ప్రాంతాలైన ‘రెజియోఁ’లకు దఖలు పడ్డాయి. 2004 చట్టంతో వంటవాళ్లు, మరమ్మతు సిబ్బంది, శుభ్రపరిచేవాళ్లు కూడా వాళ్ల కిందికే వచ్చారు. ఒకే కొలెజ్‌లో లెక్కల టీచరు యజమాని కేంద్రం, క్యాంటీన్ వంటమనిషి యజమాని దెపార్తమాఁ. అన్ని స్థాయిల చదువూ కలిపి, కుటుంబాలూ కంపెనీలూ పెట్టేది కూడా చేర్చి, 2022లో ఫ్రాన్స్ ఖర్చు సుమారు 18,000 కోట్ల యూరోలు. అందులో సగానికి పైగా కేంద్రానిదే.

జర్మనీలో చదువు రాష్ట్రాల సొత్తు. పదహారు రాష్ట్రాలకు పదహారు విద్యాశాఖలు. 1948 నుంచి ఉన్న విద్యామంత్రుల సమితి వాటిని కాస్త కలిపి ఉంచుతుంది. టీచర్ల జీతం రాష్ట్రానిది. భవనం, గుమస్తా, కాపలాదారు మునిసిపాలిటీవి. బెర్లిన్ నుంచి కేంద్రం బళ్లకు నేరుగా డబ్బివ్వాలంటే రాజ్యాంగమే అడ్డొచ్చేది. బళ్లలో కంప్యూటర్లు, వైఫై కోసం కేంద్రం 500 కోట్ల యూరోల ‘డిజిటల్ ఒప్పందం’ తేవాలనుకున్నప్పుడు 2019లో రాజ్యాంగాన్నే సవరించాల్సి వచ్చింది.

మరి ఒక్కో బడికి ఎంతివ్వాలో ఎలా తేలుస్తారు?

ఫ్రాన్స్‌లో బడికి అందేది ప్రధానంగా గంటలు. ఏటా జనవరి-ఫిబ్రవరి నెలల్లో ప్రిన్సిపాల్‌కు వచ్చే సెప్టెంబరుకి గంటల కేటాయింపు వస్తుంది. కొలెజ్‌లో ఒక్కో సెక్షనుకు వారానికి 26 పాఠాల గంటలు, వాటికి తోడు గుంపులు విడదీయడానికో ఐచ్ఛిక భాషకో 3 గంటలు. ఇరవై సెక్షన్లున్న కొలెజ్‌కు 580 గంటలు వస్తాయి. 18తో భాగిస్తే 32 పోస్టులు, కొన్ని గంటలు మిగులు.

గొడవ ఆ మిగులు దగ్గరే. కేటాయింపులో కొంత పోస్టులుగా, కొంత ఓవర్‌టైంగా వస్తుంది. ఓవర్‌టైం గంట ప్రభుత్వానికి చౌక, దాని మీద ఆ భారీ పెన్షన్ వాటా పడదు కాబట్టి. అందుకే ఏటా ఓవర్‌టైం పాలు ఎంతన్నదాని మీద లాగులాట ఉంటుంది. లాటిన్ గ్రూపు ఉంచాలా, సైన్సు ప్రయోగాలకు తరగతిని రెండుగా విడగొట్టాలా అన్నది ఆ మూడు గంటల్లోంచే తేలాలి. రెండిటికీ చాలవు. ఒక సెక్షను ఎత్తేస్తారని తెలిస్తే తల్లిదండ్రులు గేటు దగ్గర బ్యానర్లు కడతారు. ఫిబ్రవరిలో ఫ్రెంచ్ స్థానిక పత్రిక తెరిస్తే ఇలాంటి ఫోటో ఒకటైనా దొరుకుతుంది.

జర్మనీలోనూ పద్ధతి దాదాపు ఇంతే. విద్యార్థుల సంఖ్యను బట్టి, బడి రకాన్ని బట్టి రాష్ట్రం పోస్టులిస్తుంది.

జర్మనీలో రాష్ట్రాల మధ్య తేడా ఎంత?

చాలా. నగర రాష్ట్రాలైన బెర్లిన్, హాంబుర్గ్ తలకు పెట్టే ఖర్చులో అందరికన్నా బాగా ముందుంటాయి. నార్త్ రైన్-వెస్ట్‌ఫాలియా అడుగు వరసలో ఉంటుంది. నగరంలో పూర్తి రోజు నడిచే బళ్లు ఎక్కువ, జర్మన్ రాని పిల్లలకు అదనపు టీచర్లు కావాలి. ఖర్చులో ముందున్నంత మాత్రాన బెర్లిన్ పరీక్షల్లో ముందుండదు. ఆ పేరు ఎక్కువగా బవేరియా, సాక్సనీలకు వస్తుంది.

గిమ్నాజియుం ఎనిమిదేళ్లా తొమ్మిదేళ్లా అన్న గొడవ కూడా ఖర్చులోకి వస్తుంది. 2000ల్లో పశ్చిమ రాష్ట్రాలు ఒక ఏడాది కుదించాయి. తల్లిదండ్రుల ఒత్తిడికి తలొగ్గి చాలా రాష్ట్రాలు మళ్లీ తొమ్మిదికి వెళ్లాయి. బవేరియాలో 2025లో చివరి పరీక్ష రాసే బ్యాచే దాదాపు లేకుండా పోయింది. మరుసటి విద్యాసంవత్సరం నుంచి ఒక తరగతి మొత్తం అదనంగా బడిలో ఉంటుంది, దానికి టీచర్లు, గదులు కావాలి.

అప్రెంటిస్‌షిప్‌లో ఉన్న పిల్లల ఖర్చు ఎవరి లెక్కలోకి వస్తుంది?

జర్మనీలో పన్నెండు లక్షల మంది వరకు యువత వారంలో ఒకటి రెండు రోజులు వృత్తి బడిలో, మిగతా రోజులు కంపెనీలో నేర్చుకుంటారు. బడి ఖర్చు ప్రభుత్వానిది. కంపెనీలో వాడే యంత్రం, నేర్పే మేస్త్రీ సమయం, అప్రెంటిస్ భత్యం కంపెనీవి. 2024లో మొదలుపెట్టిన అప్రెంటిస్‌కు మొదటి ఏడాది కనీస భత్యం నెలకు 649 యూరోలు. ఇవేవీ ప్రభుత్వ ఖర్చులో కనిపించవు.

ఫ్రాన్స్‌లో అదే వయసు పిల్లల్లో చాలామంది వృత్తి విద్య లిసేలో కూర్చుంటారు. అక్కడ లేత్ మెషిన్ కూడా ప్రజల డబ్బే. అందువల్ల ఎగువ సెకండరీలో ప్రభుత్వ ఖర్చును మాత్రమే పోలిస్తే జర్మనీకి అన్యాయం చేసినట్టవుతుంది. ప్రభుత్వ, ప్రైవేటు ఖర్చు రెండూ కలిపిన పట్టిక చూడాలి.

ప్రైవేటు బళ్లకు కూడా ప్రభుత్వమే ఇస్తుందా?

ఫ్రాన్స్‌లో సెకండరీ పిల్లల్లో ఐదుగురిలో ఒకరు ప్రైవేటు బడిలోనే. ఎక్కువ భాగం క్యాథలిక్ బళ్లు. 1959 నాటి దెబ్రే చట్టం ప్రకారం ఒప్పందం చేసుకున్న బడి టీచర్లకు జీతం ప్రభుత్వమే ఇస్తుంది. మన ఎయిడెడ్ స్కూళ్లు తెలిసినవాళ్లకు ఇది కొత్తగా అనిపించదు. భవనాలకు సాయం విషయంలో మాత్రం 1850 నాటి ఫలూ చట్టం ఇప్పటికీ పరిమితి పెడుతోంది. ఆ పరిమితి ఎత్తేయబోతే 1994 జనవరిలో పారిస్‌లో లక్షల మంది వీధుల్లోకి వచ్చారు. జర్మనీలో ప్రైవేటు బళ్లలో చదివేది పదిమందిలో ఒకరు.

భవనాల సంగతి?

జర్మనీ బలహీనత ఇక్కడ ఉంది. ప్రభుత్వ బ్యాంకు కేఎఫ్‌డబ్ల్యూ 2024లో చేసిన సర్వేలో మునిసిపాలిటీలు ఒక్క బళ్ల మీదే దాదాపు 5,500 కోట్ల యూరోల పనులు పెండింగులో ఉన్నాయని చెప్పాయి. కారే కప్పులు, వాడలేని టాయిలెట్లు అందులోనివే. ఏటా పెట్టే ఖర్చు పట్టికలో ఈ బకాయి కనబడదు. బాగుచేయకుండా వదిలేసిన కప్పు లెక్కల్లో పొదుపుగా కనిపిస్తుంది. ఫ్రాన్స్‌లో, ముఖ్యంగా రెజియోఁలు, లిసే భవనాలపై బాగానే పెట్టాయి.

పేద ప్రాంతాల బళ్లకు అదనంగా ఇస్తారా?

ఫ్రాన్స్ 1981లోనే మొదలుపెట్టింది. ఇప్పుడు సుమారు 1,090 ‘ప్రాధాన్య’ బడి సముదాయాలున్నాయి. మరీ కష్టమైన బళ్లలో పనిచేసే టీచరుకు ఏడాదికి 5,000 యూరోలకు పైగా బోనస్ ఉంటుంది. కానీ బదిలీలు సీనియారిటీ పాయింట్లపై నడవడం వల్ల అనుభవం ఉన్నవాళ్లు వెళ్లిపోయి కొత్తవాళ్లు చేరుతుంటారు. కొత్తవాళ్ల జీతం తక్కువ. అంటే అదనంగా ఇచ్చినదాంట్లో కొంత ఇలా తిరిగి పోతుంది.

జర్మనీ ఇందులో చాలా ఆలస్యం. 2024 ఆగస్టులో మొదలైన పదేళ్ల పథకం కింద సుమారు 4,000 బళ్లకు మొత్తం 2,000 కోట్ల యూరోలు వెళ్లాలి. సగం కేంద్రం, సగం రాష్ట్రాలు.

పిల్లల సంఖ్య మారితే ఖర్చు ఎలా మారుతుంది?

ఫ్రాన్స్‌లో 2010లో 8.3 లక్షల మంది పుట్టారు, 2023లో 6.8 లక్షలే. ఆ తగ్గుదల ఇప్పుడు కొలెజ్‌ల దాకా చేరింది. సెక్షన్లు అంత వేగంగా మూయలేరు కాబట్టి ప్రభుత్వం కొత్తగా ఏమీ చేయకపోయినా తలసరి ఖర్చు పెరిగినట్టు కనిపిస్తుంది. జర్మనీలో దీనికి వ్యతిరేకం. 2015 శరణార్థులు, 2022 తర్వాత వచ్చిన రెండు లక్షలకు పైగా ఉక్రెయిన్ పిల్లలు బళ్లను నింపారు.

ఎక్కువ ఖర్చు పెడితే ఎక్కువ మార్కులొస్తున్నాయా?

ఓఈసీడీ పలు దేశాల పిల్లలకు పెట్టే పీసా పరీక్షలో 2022లో గణితంలో జర్మనీకి 475, ఫ్రాన్స్‌కు 474. ఓఈసీడీ సగటు 472. జీతం రెట్టింపు ఇచ్చిన దేశం ఒక్క పాయింటు ముందుంది, అది గణాంకపరంగా తేడానే కాదు. చదివి అర్థం చేసుకోవడంలో జర్మనీ 480, ఫ్రాన్స్ 474. రెండింటికన్నా తక్కువ ఖర్చు పెట్టే ఎస్తోనియాకు గణితంలో 510.

దీన్ని పట్టుకుని ‘డబ్బుతో పనిలేదు’ అనడం తొందరపాటు. పీసా రాసేది పదిహేనేళ్ల పిల్లలు. ఫ్రాన్స్ ఎక్కువగా పెడుతున్న లిసే చదువు వాళ్లకు అప్పుడే మొదలవుతుంది. ఫ్రాన్స్ తక్కువ పెట్టేది ప్రాథమిక బడిలో, చదవడం లెక్కలు వేయడం నేర్చుకునేది అక్కడే. పేద, ధనిక కుటుంబాల పిల్లల మధ్య అంతరం రెండు దేశాల్లోనూ సగటుకన్నా ఎక్కువే. మొత్తం ఎంతన్నదాని కన్నా ఏ వయసులో, ఎవరిపై పెట్టారన్నదే ఫలితాల్లో ఎక్కువ కనిపిస్తుందని నా అభిప్రాయం.

నేనే పోల్చుకోవాలంటే ఏ పట్టిక వాడాలి?

ప్రభుత్వ ఖర్చుల విధులవారీ వర్గీకరణ యూరోస్టాట్‌లో ఉంది. అందులో 09 విద్య, 09.2 సెకండరీ. ఇది ప్రభుత్వ ఖర్చు ఎంతన్నదానికి బాగుంటుంది. బడి బస్సులు, క్యాంటీన్లు ఇందులో ‘అనుబంధ సేవలు’ కింద వేరే గడిలో ఉంటాయి. ఒక్కో విద్యార్థిపై ఖర్చు కావాలంటే ఓఈసీడీ ఏటా సెప్టెంబరులో ఇచ్చే విద్యా సూచికలు చూడాలి. వాటిలోని ఖర్చు అంకెలు ముద్రణ తేదీ కన్నా రెండు మూడేళ్లు పాతవి. ఈ రెంటినీ ఒకే పట్టికలో కలపకండి, వాటి హద్దులు వేరు.

ఉద్యోగం మీద అక్కడికి వెళ్లిన తెలుగు కుటుంబానికి చేతి నుంచి ఎంత పడుతుంది?

రెండు దేశాల్లోనూ ప్రభుత్వ బడిలో ఫీజు లేదు. ఫ్రాన్స్‌లో కొలెజ్ పుస్తకాలు బడి అరువిస్తుంది. లిసే పుస్తకాలు రెజియోఁను బట్టి. క్యాంటీన్‌కు డబ్బు కట్టాలి, చాలాచోట్ల ఆదాయాన్ని బట్టి. తక్కువ ఆదాయమున్న కుటుంబాలకు ఆగస్టులో ఒక్కో పిల్లవాడికి 400 యూరోలకు పైగా బడి ప్రారంభ భత్యం వస్తుంది. జర్మనీలో పుస్తకాల నియమం రాష్ట్రానికొక రకం. నార్త్ రైన్-వెస్ట్‌ఫాలియాలో పుస్తకాల ఖర్చులో మూడోవంతు దాకా తల్లిదండ్రులదే. వర్క్‌బుక్‌లు, క్లాసు టూర్లు ఎక్కడైనా మన జేబే. అల్పాదాయ కుటుంబాలకు 2024లో బడి సామగ్రికి ఏడాదికి 195 యూరోలు ఇచ్చారు.

మ్యూనిక్, ఫ్రాంక్‌ఫర్ట్‌లలో ఉండే మనవాళ్లు ఎక్కువగా కంగారుపడేది ఈ ఖర్చు గురించి కాదు, ఏ రకం బడిలో చేరాలో చెబుతూ నాలుగో తరగతి చివర వచ్చే సిఫారసు గురించి. బవేరియాలో జర్మన్, గణితం, సామాన్య శాస్త్రం సగటు గ్రేడు 2.33 వస్తేనే గిమ్నాజియుంకు నేరుగా దారి. అక్కడ 1 అన్నిటికన్నా మంచి గ్రేడు. ట్యూషన్ ఖర్చు మొదలయ్యేది అక్కడే, అది ఏ ప్రభుత్వ పట్టికలోనూ ఉండదు.